మార్కులు వేసే ముందు వర్క్‌లోడ్ పట్టిక ముందేసుకోండి

కాలేజీలో హెచ్‌ఓడీగా, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్‌గా, మొదటి ఏడాది నేను రాసిన అప్రైజల్ (టీచర్ల పనితీరు రివ్యూ) గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక మేడమ్‌కి స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ 5కి 3.4 వచ్చింది, పక్క సెక్షన్ సార్‌కి 3.9. అంతే, 'బోధన మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి' అని రాసేశాను. ఆవిడ వాదించలేదు. తన టైమ్‌టేబుల్ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. అందులో రెండు కొత్త సబ్జెక్టులు, మూడు ల్యాబ్ బ్యాచ్‌లు, సెలవులో ఉన్నవాళ్ల సెక్షన్ ఒకటి. అవన్నీ ఆవిడకి వేసింది నేనే.

అప్పట్నుంచి కొత్త పోస్టు అడగాలన్నా, ఎవరి పనితీరు రాయాలన్నా ఒకే పట్టికతో మొదలుపెడతాను. పట్టిక వేసేటప్పుడు సిలబస్‌లో ఉన్న గంటల్ని నమ్మకండి. సిలబస్ ప్రకారం ల్యాబ్ అంటే వారానికి 3 గంటలు. కానీ 120 మంది విద్యార్థులు, బ్యాచ్‌కి 30 మంది, ప్రతి బ్యాచ్‌కీ ఇద్దరు టీచర్లు అయితే అది 24 గంటల పని. రెండు సెక్షన్ల థియరీ, సెక్షన్‌కి 4 చొప్పున 8 గంటలు. ఇక నలుగురేసి 30 ప్రాజెక్ట్ టీములు, టీముకి వారానికో గంట ఇస్తే 30 గంటలు. ఈ చివరిది టైమ్‌టేబుల్లో ఎక్కడా కనపడదు. మొత్తం 62. మనిషికి వారానికి 16 గంటలు అనుకుంటే, ఈ మూడు పనులకే దాదాపు నలుగురు కావాలి. పేపర్లు దిద్దడం ఇంకా కలపలేదు. పేపరుకి పావుగంట వేసుకున్నా 120 పేపర్లకి 30 గంటలు. కొత్త సబ్జెక్టుని, రెండోసారి చెప్పే సబ్జెక్టుని కూడా ఒకే గాటన కట్టకండి.

తర్వాత ప్రతి సబ్జెక్టు ఎదురుగా అది చెప్పగలిగిన వాళ్ల పేర్లు రాయండి. ఒక్క పేరే ఉన్నచోట ఎర్ర సున్నా చుట్టండి. మూడేళ్లలో రిటైరయ్యేవాళ్లు ఆ సున్నాల్లో ఉన్నారేమో చూడండి. డీన్‌తో 'మావాళ్లు అలిసిపోతున్నారు సార్' అంటే పని జరగదు, ఈ కాగితం చూపిస్తే కనీసం కూర్చుని వింటారు. ఒకసారి ఏడాదిపాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు కోసం తిరిగాను. చివరికి లెక్క వేస్తే మాకు కావాల్సింది ల్యాబ్ టెక్నీషియన్!

ఇక రివ్యూ. ఫీడ్‌బ్యాక్‌లో సగటు కంటే ముందు ఎంతమంది నింపారో చూడండి. 60 మందిలో 9 మంది నింపితే 3.4కీ 3.9కీ తేడా ఉందనుకోవడం మన అమాయకత్వం. 2015లో మెక్‌నెల్ బృందం ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో, ఆన్‌లైన్ కోర్సు చెప్పే ఒక పురుషుడు, ఒక మహిళ కొన్ని సెక్షన్లలో పేర్లు మార్చుకున్నారు. చెప్పింది ఎవరైనా, విద్యార్థులు మగవాడనుకున్న టీచరుకే ఎక్కువ రేటింగు ఇచ్చారు. అలాగని ఫీడ్‌బ్యాక్ పారేయకండి. 'వెనక బెంచీకి బోర్డు కనపడదు' అని ఆరుగురు రాశారంటే అది పనికొచ్చే మాట.

నేను ఎక్కువ నమ్మేది ప్రశ్నపత్రాన్ని, దిద్దిన పది పేపర్లని. నిరుటి ప్రశ్నలే దించారా, తప్పు ఎక్కడుందో మార్జిన్‌లో రాశారా, చూస్తే తెలిసిపోతుంది. క్లాసుకి కూడా వెళ్తాను, కానీ ముందే చెప్పి, రెండుసార్లు.

పరిశోధన దగ్గర అంకెల మోజు మరీ ఎక్కువ. భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ (ఒకరి పేపర్లలో ఎన్నింటిని కనీసం అన్నేసి సార్లు ఇతరులు ఉటంకించారో చెప్పే అంకె) పెరుగుతుందే గానీ తగ్గదు. నిన్న చేరినవాళ్లని, ఇరవై ఏళ్లుగా ఉన్నవాళ్లని దాంతో పోల్చడం అన్యాయం. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో (ఆ జర్నల్ పేపర్లని సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకెతో) మనుషుల్ని తూచొద్దని, పరిశోధనని ఎలా అంచనా వేయాలన్న దాని మీద 2013లో వచ్చిన డోరా ప్రకటన తేల్చి చెప్పింది. నేనడిగేది మూడు పేపర్లు, వాటిలో మీ చెయ్యి ఎంతో మూడేసి వాక్యాలు. ఒకటైనా చదివాకే మాట్లాడతాను.

రాసిన కాగితాన్ని రెండు రోజుల ముందే వాళ్ల చేతికివ్వండి. తలుపేసి, ముప్పావుగంట కూర్చోండి. 'ఈ ఏడాది మీ పనికి ఏం అడ్డొచ్చింది?' అన్నదే మొదటి ప్రశ్న. చెప్పాల్సిన లోపం ఉంటే సెమిస్టర్ మధ్యలోనే చెప్పి ఉండాలి. ఆ రోజు కొత్తగా బయటపెడితే ఎవరికైనా టెన్షనే. చివర్లో రెండు గడులు గీయండి: వాళ్లు చేసేది ఒకదాంట్లో, డిపార్ట్‌మెంట్ చేసేది రెండోదాంట్లో. రెండో గడి ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టను.

మరుసటి ఏడాది ఆ మేడమ్ ఫారంలో రెండో గడిలో 'కొత్త సబ్జెక్టు ఒక్కటే ఇస్తాం' అని రాశాను. ఆవిడ ఫీడ్‌బ్యాక్ 3.5 అయింది. ఆ 0.1 ఊసు మా ఇద్దరిలో ఎవరం ఎత్తలేదు. ముప్పావుగంటా ఆవిడ దిద్దిన పేపర్ల గురించే మాట్లాడుకున్నాం.