కుండలో నీళ్ళు చల్లబడకపోతే లోపం ఎక్కడుందో ఇలా చూడండి

ఎండలు ముదిరితే అలిపిరి దారిలోనైనా, చిత్తూరు మామిడి తోటల్లోనైనా మనకు దిక్కు కుండ నీళ్ళే. అవీ గోరువెచ్చగా ఉంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఎక్కువసార్లు దీనికి కారణం ఒకటే, నీరు ఆవిరయ్యే దారి మూసుకుపోవడం. 15 లీటర్ల నీళ్ళు 10 డిగ్రీలు చల్లబడాలంటే సుమారు పావు లీటరు ఆవిరి కావాలి. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పోవాలి. అందుకే కుండలో నీళ్ళు తగ్గుతున్నాయని దిగులుపడకండి, అది పనిచేస్తోందన్న గుర్తు. కింద మడుగు కడితే మాత్రం పగులు ఉన్నట్టే.

కుండ బయట పొడిగా ఉంది

నింపిన కొన్ని గంటలకు కుండ పొట్ట మీద అరచెయ్యి పెట్టి చూడండి. చెమ్మ తగలకపోతే మట్టిలోని సన్న రంధ్రాలు పూడిపోయాయి. పాత కుండైతే బోరు నీళ్ళలోని ఉప్పే కారణం, బయట తెల్లగా పొర కట్టి కనిపిస్తుంది. కొబ్బరి పీచుతో లోపలా బయటా గట్టిగా రుద్ది, రాత్రంతా నీళ్ళలో నాననివ్వండి. సబ్బు వద్దు, మట్టి దాన్ని పీల్చుకుంటుంది. అప్పటికీ చెమర్చకపోతే కుండ మార్చేయండి.

కొత్త కుండే చెమర్చకపోతే పైన పెయింటు ఉందేమో చూడండి. చలివేంద్రాల్లో కుండ చుట్టూ ఆయిల్ పెయింటు పూసి, దాతల పేర్లు రాసి పెడుతుంటారు. ఆ పెయింటు కింద చెమ్మ బయటికి రాలేదు. పేర్లు బోర్డు మీద రాయించండి, కుండను మట్టిరంగులోనే ఉంచండి. ఎండలో నడిచొచ్చిన మనిషికి చల్లటి నీళ్ళు అందాలి కదా.

తడిగానే ఉంది, అయినా చల్లగా లేదు

గాలి ఆడటం లేదు, లేదా ఎక్కడినుంచో వేడి కొడుతోంది. కుండను ఎండ తిన్న గోడకు ఆనించొద్దు. స్టాండు మీద, నీడలో, అన్ని వైపులా గాలి తగిలేలా పెట్టండి. స్టాండు లేకపోతే ఇసుక పోసి, దాన్ని తడుపుతూ ఉండండి. రేకుల షెడ్డు కింద నీడ ఉన్నా పైనుంచి సెగ దిగుతుంది, రేకుల మీద కొబ్బరి మట్టలు పరిస్తే చాలా తేడా వస్తుంది.

అన్నీ సరిగ్గానే ఉంటే వాతావరణం సంగతి చూడాలి. 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతమే ఉంటే, తడి వస్తువు 23 డిగ్రీల దాకా చల్లబడగలదు. 36 డిగ్రీలుండి తేమ 60 శాతం ఉంటే 29 దగ్గరే ఆగిపోతుంది. ఉక్కపోత రోజున కుండను తప్పు పట్టి లాభం లేదు.

నీళ్ళు వాసన వస్తున్నాయి

లోపల పాచి పట్టింది. రోజూ పాత నీళ్ళు పారబోసి కడగండి, మూత పెట్టండి. చేతులు ముంచకుండా పొడుగు కాడ గరిటె వాడండి.

ప్లాస్టిక్ క్యాన్‌లో నీళ్ళు కాగిపోతున్నాయి

ప్లాస్టిక్ చెమర్చదు, చెమ్మను మనమే ఇవ్వాలి. జనపనార గోనె గానీ పాత నూలు పంచె గానీ తడిపి చుట్టండి. యూరియా సంచి పనికిరాదు, నీళ్ళు పట్టదు. గుడ్డ అంచు కింద పళ్ళెంలోని నీళ్ళలో మునిగేలా పెడితే తడి పైకి పాకుతూనే ఉంటుంది. అయినా మధ్యాహ్నం ఒకసారి చేత్తో తాకి, ఆరినచోట నీళ్ళు చల్లండి. చల్లడానికి తాగే నీళ్ళే అక్కర్లేదు, బోరు నీళ్ళు చాలు.