రాయగడ కోడలా, ఆ సిమ్ ఎవరి జేబులో ఉంది?

మొన్న మార్చిలో బ్యాంకు లైన్లో నా ముందు ఒకమ్మాయి నిలబడింది. బొబ్బిలి వైపు పిల్ల, ఇక్కడ ఒడిశాలోని రాయగడకి కాపురానికొచ్చి రెండేళ్లు. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ల ఖాతాలో వేసే సుభద్ర పథకం డబ్బు 5,000 పడిందని పక్కింటావిడ చెబితే వచ్చిందట. పాస్‌బుక్ ప్రింటు వేయిస్తే మిగిలింది 212 రూపాయలు. "పడిన రోజే ఫోన్లోంచి తీసేశారమ్మా" అన్నాడు కౌంటరు అబ్బాయి. ఆ పిల్ల ఏడవలేదు. "బ్యాంకుకి ఎందుకెళ్లావని అడిగితే ఏం చెప్పాలక్కా?" అంది.

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, పన్నెండేళ్ల కిందటి నా మీద. అప్పట్లో ఒడియా అక్షరాలన్నీ నాకు ఒకేలా గుండ్రంగా కనిపించేవి. మా ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా దస్కత్తు పెట్టాను. ఏడో నెలలో వసూలువాళ్లు గుమ్మంలో నిలబడి నా పేరు పిలిచాక తెలిసింది, గ్రూపు లోను నా పేరునే ఉందని. అందుకే చెబుతున్నా, చదవలేని కాగితం మీద సంతకం పెట్టకు. "రేపు చదివించుకుని పెడతా" అను. కోపమొస్తే రానీ.

ఖాతా తెరవడం, ఆధార్‌లో అడ్రసు మార్చడం అందరూ చెబుతారు. సిమ్ సంగతి ఎవరూ చెప్పరు. నీ ఖాతాకిచ్చిన నంబరు ఆయనదైతే, ఏటీఎం కార్డూ ఆయన దగ్గరే ఉంటే, యూపీఐ పిన్ పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఖాతా నీ పేరున, డబ్బు ఆయన చేతిలో. సుభద్రలో ఏడాదికి 10,000, రాఖీ పౌర్ణమికి సగం, మహిళా దినోత్సవానికి సగం. అది ఆధార్‌కి ముడిపడ్డ నీ ఖాతాలోకే వస్తుంది. వచ్చి ఎటు పోతుందో నీకు తెలియాలి కదా!

నీ ఆధార్ మీద నీ సిమ్ తీసుకో. పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని నువ్వే బ్రాంచికెళ్లి నంబరు మార్పించు, పాత కార్డు ఆపించి కొత్తది అడుగు. ఆధార్‌లో నంబరు కూడా మార్చాలి, ఆధార్ సెంటర్లో వేలిముద్ర వేసి మార్పించుకోవచ్చు. కానీ తొందరపడకు. పాత ఫోనుకి మెసేజులు ఆగిన రోజే ఇంట్లో తెలిసిపోతుంది. కొట్టే మనిషైతే ముందు నీ సర్టిఫికెట్లు, బంగారం రసీదులు నమ్మకమైన చోటికి చేర్చి, తర్వాతే బ్యాంకుకెళ్లు.

కూరగాయలకు వంద ఇచ్చి చిల్లర పైసలతో సహా లెక్క అడగడం, ఉద్యోగం మానిపించడం, పుట్టింటి బంగారం చెప్పకుండా కుదువ పెట్టడం... ఇవన్నీ "మా ఇంట్లో పద్ధతి" అని సర్దుకుపోయాను నేను. 2005 గృహహింస చట్టం ఆర్థికంగా వేధించడాన్నీ హింసే అంటుంది. ఈ ముక్క నాకు చెప్పినవాళ్లే లేరు.

ఇంకో సంగతి, సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇదే ముఖ్యం. రాయగడలోనే కేసు వెయ్యాలని లేదు. పుట్టింట్లో, పార్వతీపురంలో తాత్కాలికంగా ఉన్నా అక్కడి మేజిస్ట్రేటు కోర్టులో వెయ్యొచ్చు. ఆ ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవల సంస్థ లాయరునిస్తుంది, నంబరు 15100. మహిళా హెల్ప్‌లైన్ 181. ప్రాణం మీదికొస్తే 112.

నాకు ఇవన్నీ తెలుసుకోవడానికి మూడేళ్లు పట్టింది. నీకు అంత పట్టదులే. ఆ బొబ్బిలి పిల్ల పోయిన సోమవారం కొత్త సిమ్ వేయించుకుంది. నంబరు నాకు రాసిచ్చింది, అత్తగారికి ఇంకా చెప్పలేదట. సర్టిఫికెట్లు మా బీరువాలో ఉన్నాయి.