విదేశీ పల్లె ఇంటికీ పశువులకూ కాపలాగా వెళ్లేవారికి
బెంగళూరు నుంచి బ్రిటన్ పల్లెలకు, యజమాని ఊళ్లో లేనప్పుడు ఇల్లూ పశువులూ చూసుకోవడానికి వెళ్లదలచిన తెలుగువారు, జీతం లేకుండా బసకు బదులుగా చేసే పనిని కూడా కొన్ని దేశాలు ఉద్యోగంగానే పరిగణిస్తాయి కనుక, టికెట్టు కొనకముందే వీసా నిబంధనలను నిర్ధారించుకోవాలి. మేత కొలతలు, పశువైద్యుని నంబరు, చికిత్స ఖర్చుకు అనుమతి యజమాని నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

గొర్రె వెల్లకిలా పడితే తనంతట లేవలేక, కడుపులో వాయువు పేరుకుని కొన్ని గంటల్లోనే చనిపోవచ్చు కాబట్టి, రోజుకు కనీసం రెండుసార్లు మందను చూసిరావడమే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. పడినదాన్ని నిలబెట్టి, కాళ్లు నిలదొక్కుకునే దాకా పట్టుకోవాలి. రాగి ఎక్కువైతే గొర్రెలకు విషం, అందుచేత ఇతర పశువుల దాణా వాటికి పెట్టరాదు. గుర్రం మేత మాని, డొక్కల వైపు పదేపదే చూస్తూ పొర్లుతుంటే వెంటనే వైద్యుణ్ణి పిలవాలి. నక్కలు తిరుగుతాయి కనుక చీకటి పడేలోగా కోళ్ల గూటి తలుపు బిగించాలి. ఉల్లిపాయ వేసిన మన సాంబారును కుక్కకు ప్రేమతోనైనా పెట్టకూడదు.