ఉన్ని రకం ఎక్కడ పడిపోతోంది: దక్కనీ గొర్రెలున్నవారికి

నెల్లూరు జాతికి ఉన్ని దాదాపు ఉండదు. ఈ మాటలన్నీ మహబూబ్‌నగర్, మెదక్, అనంతపురం వైపు నల్ల దక్కనీ గొర్రెల మందలున్నవారి కోసం.

మూట మొత్తాన్ని ముతక అని చివరి రకంలో వేస్తున్నారు

ఉన్ని రకాన్ని ముందుగా పోగు సన్నదనంతో లెక్కిస్తారు. మెత్తటి ఉన్నికి పేరున్న మెరినో జాతి పోగు సుమారు 24 మైక్రాన్ల లోపే ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దక్కనీ పోగు దానికంటే చాలా లావు, పైగా సన్నవీ లావువీ కలిసి వస్తాయి. నలుపు మీద వేరే రంగు ఎక్కదు కాబట్టి మిల్లులు ఇంకా తగ్గిస్తాయి. ఇది జాతి గుణం, మీ పెంపకంలో లోపం కాదు. స్వెటర్‌కు పనికిరాని ఆ బిరుసు, ఆ నలుపే కురుమలు నేసే గొంగడికి కావాలి. అందుకే గొంగడి నేసేవారికి చూపించకుండా మిల్లు రేటుకు ఒప్పుకోవద్దని నా గట్టి మాట. గొర్రెపిల్లల తొలి కోత మెత్తగా ఉంటుంది, దాన్ని వేరే మూట కట్టండి.

లాగితే తెగుతోంది

ఒక కుచ్చు తీసి రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టి గట్టిగా లాగండి. పటపటమని చిట్లితే పోగులో బలం లేదు. చాలా కుచ్చులు ఒకే ఎత్తులో తెగుతున్నాయా? పోగులో ఆ భాగం పెరిగిన రోజుల్లో మంద మేత లేకో, జ్వరంతోనో చిక్కిపోయింది. మొదలు నుంచి ఎంత దూరంలో తెగిందో చూస్తే అది ఎన్నాళ్ల కిందటిదో అంచనా దొరుకుతుంది. కోసిన ఉన్నికి ఇక మందు లేదు. వచ్చే కోతకైనా ఎండాకాలం మేత, వేళకు నట్టల మందు చూసుకోండి.

పొట్టి తుక్కు ఎక్కువగా వస్తోంది

ఒకే చోట కత్తెర రెండుసార్లు పడుతోంది. మొదటిసారే చర్మానికి దగ్గరగా కోయండి. ఇంకా మిగిలిన పొట్టి ఉన్నిని మళ్లీ కోయకుండా వదిలేయండి.

ఉన్నిలో చిక్కుకున్న పల్లేరు, మరులమాతంగి ముళ్లకాయలు

కోతకు ముందు మందను చెరువులో కడిగి, ఆరేదాకా ముళ్లపొదల వైపు తోలకండి. కోత మట్టి నేల మీద కాకుండా శుభ్రమైన పట్టా మీద జరగాలి.

పసుపు మరక, ముక్కిన వాసన

తడి ఉన్నిని మూట కడితే లోపల వేడెక్కుతుంది. అలా పట్టిన పసుపు ఉతికినా పోకపోవచ్చు. పూర్తిగా ఆరాకే కట్టండి. మూత్రం, పేడ అంటిన తోక, పొట్ట, కాళ్ల ఉన్ని కోసేటప్పుడే పక్కన పెట్టాలి. ప్లాస్టిక్ బస్తాల పోగులు ఊడి ఉన్నిలో కలిస్తే ఏరడం నరకం, పాత గుడ్డ సంచులు వాడండి.