పాత గేమ్ సెట్లన్నీ ఒకేసారి రెండు టీవీలకు కలపడం

ఆడాలనుకున్న ప్రతిసారీ టీవీ వెనక తలదూర్చి వైర్లు మార్చే బాధ తప్పాలంటే రెండు డబ్బాలు కావాలి. ఒకటి ఏవీ సెలెక్టర్, రెండోది వీడియో డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్. ఇప్పుడు ఏ సెట్టు ఆడాలో మొదటిది తేలుస్తుంది. ఆ బొమ్మను టీవీలకు పంచే పని రెండోదానిది. సెలెక్టర్ ఒక్కటి కొంటే రెండు పనులూ అయిపోతాయని చాలామంది అనుకుంటారు. కావు.

నేను తిరుపతిలో సీసీ కెమెరాలు బిగిస్తుంటాను. కొర్లగుంటలో మా అక్కవాళ్లింట్లో నేను కలిపి పెట్టింది ఇదీ: క్యాసెట్లు పెట్టే పాత టీవీ గేమ్, సెగా మెగా డ్రైవ్, ప్లేస్టేషన్ 1, ప్లేస్టేషన్ 2. హాల్లో 21 అంగుళాల డబ్బా టీవీ, లోపలి గదిలో ఎల్‌ఈడీ. ఆడేవాళ్లు హాల్లో, వంతు కోసం కాచుకున్నవాళ్లు లోపల. లేకపోతే మీద పడి కొట్టుకుంటారు.

ముందు అడాప్టర్ల సంగతి చూడండి. మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కు పిన్ను మధ్యలో మైనస్, రెండో మోడల్‌కు ప్లస్. పాత టీవీ గేములదీ ఒక పద్ధతి లేదు. సెట్టు అడుగున రాసింది చదివి, అడాప్టర్‌కు పేరు రాసి టేపు చుట్టేయండి. జపాన్ నుంచి వచ్చిన సెట్టయితే అది 100 వోల్టులది, మన 230లో నేరుగా పెట్టకూడదు.

వైరింగ్‌లో తికమకేమీ లేదు. ప్రతి సెట్టు నుంచి పసుపు (బొమ్మకు), తెలుపు, ఎరుపు (సౌండుకు) పిన్నులు సెలెక్టర్ వెనక ఇన్‌పుట్లలోకి వెళ్తాయి. పాత టీవీ గేముకు సౌండు పిన్ను ఒకటే ఉంటే దాన్ని తెలుపులో పెట్టండి. సెలెక్టర్ అవుట్‌పుట్ నుంచి యాంప్లిఫయర్‌కు, అక్కడి నుంచి ఒక్కో టీవీకి ఒక్కో వైరు.

యాంప్లిఫయర్ దండగ అని పసుపు వైరుకు, ఒకదాన్ని రెండుగా చీల్చే వై పిన్ను తగిలించేవాళ్లున్నారు. ఒకే కొళాయికి రెండు పైపులు పెడితే ధార తగ్గినట్టే, బొమ్మ మసకబారుతుంది. టీవీ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 75 ఓమ్స్. రెండు కలిస్తే 37.5 అవుతుంది, 1 వోల్టు ఉండాల్సిన సిగ్నల్ సుమారు 0.67కి పడిపోతుంది. సౌండుకు ఆ తంటా లేదు, తెలుపు ఎరుపులకు వై పిన్ను నిశ్చింతగా వాడుకోవచ్చు.

లోపలి గదిదాకా సన్న ఏవీ వైరు లాగకండి. మేం కెమెరాలకు వాడే ఆర్‌జీ59 వైరు కూడా 75 ఓమ్సే, రెండు చివరలా ఆర్‌సీఏ పిన్ను (ఆ పసుపు పిన్ను లాంటిదే) బిగిస్తే చాలు. యాంప్లిఫయర్ కూడా గేముల షాపులో కాదు, సీసీ కెమెరా సామాన్లు అమ్మేచోట అడగండి. ఇక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది.

ఎల్‌ఈడీల్లో చాలావాటికి ఇప్పుడు మూడు రంధ్రాల బదులు ఇయర్‌ఫోన్ లాంటి ఒకే రంధ్రం ఉంటోంది. దానికి టీవీతో వచ్చిన వైరే వాడండి. బయట కొన్నదాంట్లో లోపలి వరుస వేరుగా ఉండొచ్చు. బొమ్మ రాకుండా బుర్రుమని శబ్దం వస్తుంటే పసుపు పిన్ను ఎరుపు చోట పెట్టి చూడండి. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తే టీవీ మెనూలో కలర్ సిస్టమ్ ఆటోలో ఉందో లేదో చూడండి. మన టీవీల కలర్ పద్ధతి పాల్, అమెరికా, జపాన్ సెట్లది ఎన్‌టీఎస్‌సీ.

తెర మీద అడ్డంగా చారలు పాకుతుంటే యాంప్లిఫయర్‌ని అనుమానించకండి. టీవీ వెనక కేబుల్ కనెక్షన్ వైరు ఒకసారి పీకండి. చారలు పోతే ఎర్త్ గొడవ అదే. పోకపోతే టీవీనీ సెట్లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చి చూడండి. ఆడని సెట్లు ఆఫ్‌లోనే ఉంచండి. చవక సెలెక్టర్లలో పక్క సెట్టు బొమ్మ నీడలా తేలుతుంది.

పాత టీవీ గేములో బాతుల్ని కాల్చే ఆట తుపాకీ మాత్రం డబ్బా టీవీకే గురిపెట్టాలి. ఎల్‌ఈడీ బొమ్మ వేసే పద్ధతి వేరు, ఆ తుపాకీకి అది అందదు. మా అక్క కొడుకు "నీ వైరింగే తప్పు మామా" అని ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.