మెటల్ డిటెక్టర్ ఊరికే మోగుతోందా? సెట్టింగుల జోలికి పోకముందు కాయిల్ పైకెత్తండి

ఇంగ్లండ్‌లో కోతలయ్యాక మళ్లీ విత్తనాలు పడేదాకా డిటెక్టర్‌తో పాత నాణేలు వెతికే మనకు పొలాలు దొరికేది కొన్ని వారాలే. ఆ కొద్ది రోజుల్లోనే ప్రతి శనివారం ఎవరో ఒకరు నా దగ్గరికొచ్చి "అన్నా, మిషన్ పిచ్చెక్కినట్టు మోగుతోంది" అంటారు. ఏం చేశావని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "సెన్సిటివిటీ తగ్గించా."

సెన్సిటివిటీ అంటే మిషన్ ఎంత సన్నటి సంకేతాన్ని పట్టాలో చెప్పే సెట్టింగు. తగ్గిస్తే మోత తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు చిన్న వెండి నాణేలు కూడా దొరక్కుండా పోతాయి. 1279లో రాజు మొదటి ఎడ్వర్డ్ నాణేలను మార్చి గుండ్రటి ఫార్దింగులు (పావు పెన్నీలు) తెచ్చేదాకా అక్కడ చిల్లర కావాలంటే వెండి పెన్నీనే కత్తిరించేవాళ్లు, సగానికో పావుకో. నిండు పెన్నీయే ఒకటిన్నర గ్రాము తూగదు. అందులో పావు ముక్క అంటే చిటికెన వేలి గోరంత. మనం పొద్దున్నే లేచి, అంత చలిలో పొలానికొచ్చింది అలాంటి వాటి కోసమే కదా. సెన్సిటివిటీ సగానికి దించి తిరిగితే వాటి మీదుగానే నడిచిపోతాం.

రైతు అనుమతి తీసుకోవడం, రక్షిత స్థలాల జోలికి పోకపోవడం, గుంట పూడ్చడం, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలకు మోగకుండా మిషన్‌ను సరిచేయడం) మీకు తెలుసనుకుని నేరుగా విషయానికొస్తున్నా. ఒక్క మాట మాత్రం: ఊరెళ్లేటప్పుడు మిషన్ సూట్‌కేసులో పెట్టకండి. ఇండియాలో 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాచిన సొత్తు పది రూపాయలకు మించిన విలువది దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే. డిటెక్టర్‌తో పొలంలో కనిపిస్తే గుప్తనిధుల ముఠా అనుకుంటారు, తర్వాత మీ ఇష్టం.

కదపకపోయినా మోగుతోంది

కాయిల్‌ను, అంటే కడ్డీ చివర నేల మీద ఊపే చక్రాన్ని, నడుం ఎత్తుకు లేపి కదలకుండా పట్టుకోండి. అప్పుడూ మోగుతుంటే తప్పు నేలది కాదు, బయటి నుంచి కరెంటు గోల వస్తోంది. ముందు జేబులో ఫోన్ తీయండి. "ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టానన్నా" అనకండి, తీసి దూరంగా పెట్టి చూడండి. ఈ ఒక్క పని చేయకుండా ఫ్యాక్టరీ రీసెట్ దాకా వెళ్లినవాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. గడియారం కొట్టినట్టు టక్... టక్... అని వస్తుంటే పశువుల కోసం కట్టిన కరెంటు కంచె. దూరం జరగండి. పైన హైటెన్షన్ తీగలుంటే మిషన్ ఫ్రీక్వెన్సీ మార్చండి. పక్కవాడి మిషన్ అయితే ఇద్దరూ ఎడంగా నడవండి.

కాయిల్ ఊపు ఒక చివరికి వచ్చినప్పుడే మోగుతోంది

మీ బూటు. ముందు భాగంలో ఉక్కు టోపీ ఉంటుంది.

ఊపితేనే మోగుతోంది, తవ్వితే ఏమీ లేదు

నన్ను ఒక సీజన్ మొత్తం ఏడిపించింది ఇదే. నార్ఫోక్‌లో ఒక పొలం. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే రెండు గంటలు మిషన్ బుద్ధిగా ఉండేది. ఆ తర్వాత అడుగడుక్కీ సన్నగా కీచుమనేది. తవ్వితే ఖాళీ గుంట. ఇంటికొచ్చి బల్ల మీద పెట్టి, గాల్లో నాణెం ఊపి చూస్తే అంతా సవ్యంగా పలికేది. నేలలో ఇనుము ఎక్కువనుకున్నా. సెన్సిటివిటీ తగ్గించా. చివరికి డబ్బు తగలేసి కొత్త కాయిల్ కొన్నా. పాతదానికి ఉన్న కవరే తీసి కొత్తదానికి తొడిగా. చూడండి నా తెలివి. మళ్లీ అదే కీచు.

చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. దోషం ఆ కవర్ లోపలే ఉంది. మోళ్ల మీద కాయిల్ గీసుకుపోకుండా కింద తొడిగే ప్లాస్టిక్ పళ్లెం అది. దాని అంచుకూ కాయిల్‌కూ మధ్య వెంట్రుక వాసి సందు ఉంటుంది. తడి మట్టి అందులోంచి లోపలికి దూరుతుంది, మట్టితోపాటు తుప్పు రేకులు, రేకు కాగితం తునకలు. ఒకరోజు వంటగది సింకులో కవర్ ఊడదీస్తే చెంచాడు నల్లటి బురద, అందులో గోరింటాకు రంగు తుప్పు ముక్క, మినపగింజంత సీసపు గుండు బయటపడ్డాయి.

అయితే ఇంట్లో ఎందుకు మోగలేదు? ఈ మిషన్లకు కదలిక కావాలి. కాయిల్‌కు అంటుకుని కదలకుండా ఉన్న లోహాన్ని అవి నేలలో భాగమనుకుని వదిలేస్తాయి. బల్ల మీద ఆరిపోయిన మట్టిలో ఆ ముక్క కదలదు కాబట్టి చప్పుడుండదు. పొలంలో తడి తగిలి బురద వదులవుతుంది, కాయిల్ మోడుకు తగిలిన ప్రతిసారీ లోపలి ముక్క జరుగుతుంది, మిషన్ దాన్ని కొత్త టార్గెట్ అనుకుంటుంది. పొద్దున బాగుండి, పదకొండింటికి మొదలవడం అందుకే.

పరీక్షకు పది సెకన్లు చాలు. సెట్టింగులు మార్చకుండా, పొలంలోనే, కాయిల్‌ను నేలకు దూరంగా ఎత్తి పక్క నుంచి పిడికిలితో మెల్లగా తట్టండి. ఉంగరం, వాచీ తీసేసి తట్టండి, లేకపోతే అవే మోగి టెన్షన్ పెడతాయి (అనుభవమే). తట్టినప్పుడల్లా మోగితే కవర్ తీసి మళ్లీ తట్టండి. మోత ఆగిందా, దొంగ దొరికాడు. ఆగకపోతే కడ్డీకి చుట్టిన కేబుల్ వదులుగా ఊగుతోందేమో చూసి బిగించండి.

కవర్ బిగుసుకుపోతే గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నాననిచ్చి, బొటనవేళ్లతో అంచు చుట్టూ కొద్దికొద్దిగా లేపండి. స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, కాయిల్ పెంకు పగులుతుంది. రెండూ కడిగి, పూర్తిగా ఆరాకే తొడగండి. కొందరు అంచు చుట్టూ టేపు వేస్తారు. నాకు నచ్చదు, దూరిన తడి లోపలే ఉండిపోతుంది. వానపడ్డ పొలానికి వెళ్లొచ్చిన ప్రతిసారీ కవర్ తీసి కడగడమే నా పద్ధతి. అసలు కవరే లేకుండా తిరిగేవాళ్లూ ఉన్నారు, గోధుమ మోళ్ల మీద ఆ పని నేను చేయను.

తట్టినా మోగదు, గుంట మాత్రం ఖాళీ

తవ్విపోసిన మట్టిలో ఉంది. ముందు అక్కడ పిన్‌పాయింటర్ (లోహం కచ్చితంగా ఎక్కడుందో చూపే చేతి డిటెక్టర్) పెట్టండి. అక్కడా లేకపోతే నల్లటి బొగ్గు లాంటి ముక్కలున్నాయేమో చూడండి. అవి కోక్, బొగ్గును కాల్చి చేసే ఇంధనం. పాత ఆవిరి నాగళ్ల కాలం నుంచీ పొలాల్లో ఉన్నాయి, మంచి లోహంలాగే పలికి మోసం చేస్తాయి. పొలమంతా రేకు తునకలు, బ్యాటరీ ముక్కలు వస్తుంటే అక్కడ మునిసిపాలిటీ చెత్త కంపోస్టు చల్లినట్టు లెక్క. దానికి మందు లేదు, ఇంకో పొలం చూసుకోండి. కాయిల్‌లో నీరు చేరడం, కంట్రోల్ బాక్స్ పాడవడం లాంటివి అరుదు. ఇక్కడిదాకా వచ్చినా తేలకపోతే సర్వీసుకు పంపేయండి.

ఒకే గుంటలో తీసినకొద్దీ మోగుతోంది

ఇది రిపేరు కాదు. పార పక్కన పెట్టండి. ఒకేచోట దొరికిన వెండి, బంగారు నాణేలు రెండైనా సరే, 300 ఏళ్లు దాటితే ఇంగ్లండ్‌లో 1996 నాటి నిధుల చట్టం ప్రకారం అది నిధి, 14 రోజుల్లో కరోనర్‌కు (నిధుల విచారణ కూడా చేసే అధికారికి) చెప్పాలి. మీ కౌంటీ ఫైండ్స్ ఆఫీసర్‌కు (దొరికిన పాత వస్తువులను నమోదు చేసే అధికారికి) ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. నాణేలను రుద్దొద్దు, కడగొద్దు. 1992లో సఫోక్‌లోని హాక్స్‌న్ దగ్గర ఎరిక్ లాస్ అనే ఆయన, రైతు పోగొట్టుకున్న సుత్తి వెతకబోతే రోమన్ నాణేలు పడ్డాయి. కొన్ని తీశాక ఆగి కబురు చేశాడు. పురావస్తు శాఖవాళ్లొచ్చి తవ్వితే లెక్క 14 వేలు దాటింది. సుత్తి కూడా దొరికింది, అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.