ఎగిరే పక్షి ఫొటో షార్ప్‌గా రావాలంటే

ఎగిరే పక్షి ఫొటో చెడిపోయేది చాలాసార్లు కెమెరా వల్ల కాదు, మనం నిలబడిన చోటు వల్ల. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే వాలతాయి. గాలి మీ వీపుకు తగులుతుంటే అవి మీవైపు మొహం పెట్టి వస్తాయి. మీ మొహానికి కొడుతుంటే దక్కేవి తోకలే. చిటికెడు పొడి మట్టి జారవిడిచి చూడండి, గాలి వాటం తెలిసిపోతుంది. ఎండ కూడా వెనకనుంచే పడే ఒడ్డు దొరికితే ఇక అక్కణ్ణుంచి కదలొద్దు. రెండూ కుదరనప్పుడు ఎండను వెనక ఉంచుకుని, గాలి పక్కనుంచి వీచేలా నిలబడండి. పక్షి అడ్డంగా దాటుతుంది కాబట్టి ఫోకస్‌కూ తేలిక.

కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టి షటర్ స్పీడ్ (షటర్ తెరిచి ఉండే సమయం), అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం సైజు) మీరే ఎంచుకోండి, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటోకు వదిలేయండి. కొంగలాంటి పెద్ద పక్షికి 1/1600 సెకను సరిపోతుంది. చిన్న పిట్టలకు 1/2500, లకుముకి పిట్ట నీళ్లలోకి దూకేటప్పుడు 1/3200 అయినా ఉండాలి. అపర్చర్ ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకు 600 మి.మీ. లెన్స్ తగిలించి, ఎఫ్/6.3తో 10 మీటర్ల దూరంలోని పక్షిని తీస్తే షార్ప్‌గా ఉండే లోతు దాదాపు 10 సెం.మీ. మాత్రమే. కన్ను ఫోకస్‌లో ఉన్నా అవతలి రెక్క కొస మెత్తబడేది అందుకే. ఐఎస్ఓ పెరిగితే ఫొటోలో కనిపించే గరుకుదనానికి, అంటే నాయిస్‌కు భయపడి షటర్ స్పీడ్ తగ్గించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 1/500 నుంచి 1/2000కి వెళితే ఐఎస్ఓ 800 నుంచి 3200 అవుతుంది, అంతే. నాయిస్‌ను తర్వాత కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన ఈకలు మాత్రం తిరిగి రావు.

ఇక ఎక్స్‌పోజర్, అంటే ఫొటో ఎంత వెలుగుగా వస్తుందన్నది. తెల్ల కొంగ ముదురు చెట్ల ముందునుంచి వెళుతుంటే కెమెరా ఆ నలుపును చూసి వెలుగు పెంచేస్తుంది, ఈకల్లోని గీతలన్నీ తెల్లటి మచ్చలో కలిసిపోతాయి. అదే కొంగ ఆకాశం ముందుకు రాగానే నల్లబడుతుంది. నిజానికి కొంగ మీద పడే ఎండ మారలేదు, వెనకున్నదే మారింది. అందుకే ఎండ నిలకడగా ఉంటే ఆటో ఐఎస్ఓ తీసేయండి. అదే వెలుగులో ఉన్న తెల్ల పక్షిని ఒకటి రెండు తీసి చూసి, తెలుపు దగ్గర హైలైట్ హెచ్చరిక (వెలుగు మరీ ఎక్కువై వివరాలు పోయిన చోటు తెర మీద మిణుకుమనడం) మెరవడం ఆగేదాకా ఐఎస్ఓ తగ్గించి, అక్కడే వదిలేయండి. మబ్బులు వచ్చిపోతుంటే ఆటో ఐఎస్ఓనే మేలు. అప్పుడు ముదురు నేపథ్యంలో తెల్ల పక్షికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుగును తగ్గించే, పెంచే సెట్టింగు) -1, తెల్లటి ఆకాశంలో నల్ల పక్షికి +1 నుంచి +1.7 దాకా.

ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే పక్షి కదులుతున్నకొద్దీ దాన్ని వెంటాడే మోడ్‌లో ఉండాలి. నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి, కెనాన్‌లో సర్వో. పక్షి కన్నును గుర్తించే సదుపాయం ఉంటే వాడండి, లేకపోతే ఒక్క పాయింట్ బదులు చిన్న జోన్ పెట్టుకోండి. లెన్స్‌కు ఫోకస్ లిమిటర్ (ఫోకస్ వెతికే దూరాన్ని కట్టడి చేసే స్విచ్) ఉంటే దూరం వైపుకు మార్చండి, ముందుకూ వెనక్కూ వెతుక్కోవడం తగ్గుతుంది. పక్షి వచ్చే దూరంలో ఉన్న రాయి మీదో గట్టు మీదో ముందే ఫోకస్ చేసిపెట్టుకోవడం నేర్చుకోవాల్సిన అలవాటు. ఫోకస్ జారి వెనకున్న చెట్లను పట్టుకుంటే బటన్ నొక్కే ఉంచకండి. వదిలి, మళ్లీ నొక్కండి.

ఎడమ చెయ్యి లెన్స్ కింద, మోచేతులు ఒంటికి ఆనించి, పాదాలు మీరు ఫొటో తీయబోయే దిక్కుకు తిప్పి నిలబడండి. నడుము దగ్గర వెనక్కి తిరిగి పక్షిని అందుకుంటే, అది ఎదురుగా వచ్చేసరికి ఒళ్లు సహజ స్థితిలో ఉంటుంది. చూపు పక్షి మీదినుంచి తిప్పకుండా కెమెరానే కంటి దగ్గరికి తెచ్చుకోండి. జూమ్ లెన్స్ అయితే 200 మి.మీ. దగ్గర వెతికి, దొరికాక దగ్గరికి లాగండి. ఒక్కసారికి ఐదారు ఫ్రేముల బరస్ట్ (వరసగా తీసే ఫొటోలు) చాలు. అదేపనిగా నొక్కితే బఫర్ (ఫొటోలు కార్డుకు చేరేదాకా ఆగే చోటు) నిండి, అసలు క్షణానికి కెమెరా ఆగిపోతుంది.

కూర్చున్న పెద్ద పక్షి రెట్ట వేసి, కాళ్లు వంచి, ముందుకు వాలిందంటే లేవబోతోందన్నమాట. అప్పుడు మొదలుపెట్టండి. చప్పుడు చేసో రాయి విసిరో లేపకండి. బెదిరిన పక్షి మీకు వీపు చూపించి పోతుంది, దాని మేతా చెడుతుంది. అది మేత ఆపి, మెడ నిక్కించి మిమ్మల్నే చూస్తోందంటే మీరు దగ్గరకు వెళ్లిపోయారని అర్థం. వెనక్కి రండి. గూళ్ల జోలికి అసలు పోవద్దు.

ఇంటికొచ్చాక చెడిపోయిన ఫ్రేములను తీసేసేముందు 100 శాతానికి పెద్దది చేసి చూడండి. ఒళ్లు షార్ప్‌గా ఉండి రెక్కల కొసలే అలికినట్టుంటే షటర్ స్పీడ్ చాలలేదు. పక్షి మొత్తం ఒకే దిక్కుకు సాగినట్టుంటే కెమెరా దాని వేగంతో తిరగలేదు. వెనక ఆకులు స్పష్టంగా ఉండి పక్షి మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది. రెక్కలు వింతగా వంగి కనిపిస్తే ఎలక్ట్రానిక్ షటర్ పని అది, మెకానికల్‌కు మార్చండి. ఏదీ స్పష్టంగా లేక, అంతా నీళ్ల అడుగున ఉన్నట్టు తొణికిసలాడుతుంటే వేడి గాలి అడ్డొచ్చింది. ఎండెక్కిన నేల మీదుగా దూరంలోని పక్షిని తీసినా, ఏసీ నడుస్తున్న కారు కిటికీలోంచి తీసినా ఇలాగే వస్తుంది. దీనికి ఏ సెట్టింగూ పనిచేయదు. ఏసీ ఆపి, అద్దాలు దించి, లోపలి గాలి బయటి వేడికి సమానమయ్యేదాకా ఆగాలి. ఎండెక్కిన నేలయితే తెల్లవారుజామునే రావాలి.